డెన్నిస్ రిచీ

డెన్నిస్ మెకాలిస్టర్ రిచీ (సెప్టెంబరు 9, 1941 - అక్టోబరు 2011) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త. సి ప్రోగ్రామింగు భాష సృష్టికర్త. కెన్ థాంప్సన్‌తో కలసి యునిక్స్ అనే నిర్వహణ వ్యవస్థను (ఆపరేటింగ్ సిస్టం) నిర్మించాడు. ఈ కృషికి గాను 1983లో వీరిద్దరికీ కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించింది.

తెలుగునాట ఇంజనీరింగు, ఎం.సి.ఎ. విద్యార్థులకు రిచీ పేరు సాధారణంగా సి భాషా పాఠ్యగ్రంథం ద్వారానే పరిచయమవుతుంది. యునిక్స్ ఫైలు వ్యవస్థ రూపకల్పనలో ఆయన పాత్ర గురించి తెలిసినవారు తక్కువ. ఒక డిస్కును విభాగాలు చేయడం, ఒక విభాగాన్ని ఏదో ఒక డైరెక్టరీకి తగిలించడం, అందులోని సమాచారానికి నకలు తీసి మరొకచోట భద్రపరచడం వంటి పనులు నేడు లినక్స్ వాడే ప్రతివారికీ నిత్యకృత్యాలు. వీటి మూలాలు 1969-79 మధ్య రిచీ, ఆయన సహచరులు చేసిన నిర్ణయాలలో ఉన్నాయి. అందుచేత ఈ వ్యాసంలో ఆ భాగానికి ఎక్కువ చోటు ఇవ్వబడింది.

బాల్యం, విద్యాభ్యాసం

రిచీ న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి ఎలిస్టర్ రిచీ బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. టెలిఫోను స్విచ్చింగు వలయాల రూపకల్పనపై 1951లో వెలువడిన ఒక ప్రామాణిక గ్రంథానికి ఈయన సహరచయిత. కుటుంబం న్యూజెర్సీ రాష్ట్రంలోని సమ్మిట్‌కు తరలి వెళ్ళడంతో డెన్నిస్ ఉన్నత పాఠశాల చదువు అక్కడే సాగింది.

తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా 1963లో పట్టభద్రుడయ్యాడు. అక్కడ చదువుతున్న రోజులలోనే యూనివాక్ కంప్యూటరు పనితీరుపై జరిగిన ఉపన్యాసం విని కంప్యూటర్లపై ఆసక్తి పెంచుకున్నాడు. పరిశోధనకు అనువర్తిత గణితాన్ని ఎంచుకున్నాడు. ప్యాట్రిక్ ఫిషర్ ఆయనకు మార్గదర్శి. ఒక ప్రోగ్రాములో ఒక ఆవృతంలోపల మరొక ఆవృతం ఎంత లోతుగా ఉంటే ఆ ప్రోగ్రాము చేయగల గణన ఎంత క్లిష్టమవుతుంది అన్నది ఆయన పరిశోధనాంశం. ఇదే విషయంపై ఆల్బర్ట్ మేయర్‌తో కలసి రాసిన పత్రం 1967లో వెలువడింది. సిద్ధాంత గ్రంథం 1968 నాటికి పూర్తయింది.

అయినా రిచీకి డాక్టరేటు పట్టా రాలేదు. పట్టా ప్రదానం కావాలంటే గ్రంథాన్ని బైండు చేయించి ఒక ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సమర్పించాలి. ఆ ప్రతిని రిచీ సమర్పించలేదని మేయర్ అనంతర కాలంలో తెలియజేశాడు. బైండింగు ఖర్చు భరించడానికి రిచీ ఇష్టపడలేదన్నది ఆయన చెప్పిన కారణం. అప్పటికే బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం దొరికి, ఆసక్తికరమైన పని చేతినిండా ఉండడం కూడా కారణమై ఉండవచ్చు. మొత్తంమీద పరిశోధన అంతా పూర్తి చేసి, చివరి అడుగు వేయకుండా వదిలివేసిన ఉదాహరణ ఇంతటి ప్రసిద్ధుల జీవితాలలో అరుదు. గ్రంథాలయంలో ప్రతి లేకపోవడంతో ఆ గ్రంథం సుమారు యాభై సంవత్సరాలు ఎవరికీ అందుబాటులో లేకుండా పోయింది.

బెల్ ల్యాబ్స్‌లో చేరిక

1967లో రిచీ న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో, తండ్రి పనిచేసిన సంస్థలోనే, చేరాడు. అప్పట్లో ఎం.ఐ.టి., జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ సంయుక్తంగా మల్టిక్స్ అనే భారీ నిర్వహణ వ్యవస్థను నిర్మిస్తున్నాయి. ఒకే యంత్రాన్ని అనేకమంది ఒకేసారి వాడుకోవడం దాని లక్ష్యం. పని అనుకున్న వేగంతో సాగకపోవడంతో 1969లో బెల్ ల్యాబ్స్ ఆ పథకం నుండి తప్పుకుంది. మల్టిక్స్ రుచి చూసిన పరిశోధకులకు మళ్ళీ పాత పద్ధతిలో కార్డుల కట్టలు ఇచ్చి ఫలితం కోసం వేచి ఉండడం దుర్భరమైంది. వారిలో థాంప్సన్, రిచీ, రడ్ కెనడే ముఖ్యులు.

కొత్త యంత్రం కొనిపెట్టమని వీరు చేసిన విజ్ఞప్తులను యాజమాన్యం అంగీకరించలేదు. యంత్రం లేకపోయినా ముగ్గురూ కూర్చుని నల్లబల్లలపై ఒక ఫైలు వ్యవస్థకు రూపకల్పన చేశారు. థాంప్సన్ దానిని ఎవరూ అంతగా వాడని పిడిపి-7 అనే చిన్న కంప్యూటరులో అమలుపరచాడు. ఆ యంత్రానికి మొదట ప్రోగ్రాములను వేరొక పెద్ద కంప్యూటరుపై తయారుచేసి, చిల్లులు పొడిచిన కాగితపు టేపుపై మోసుకురావలసి వచ్చేది. యునిక్స్ పుట్టుక ఇంత నిరాడంబరంగా జరిగింది.

ఫైలు వ్యవస్థ: ప్రతిదీ ఒక ఫైలే

ఆ నల్లబల్ల రూపకల్పనలో మూడు ముఖ్యాంశాలు ఉన్నాయి. మొదటిది, ప్రతి ఫైలుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఫైలు డిస్కుపై ఎక్కడ ఉంది, ఎంత పొడవు, ఎవరికి చెందినది అనే వివరాలు ఆ సంఖ్య గల చిన్న నమోదులో ఉంటాయి. దీనిని ఐ-నోడ్ అంటారు. రెండవది, డైరెక్టరీ అంటే పేర్లను ఈ సంఖ్యలతో జతపరచే ఒక పట్టిక మాత్రమే. మూడవది ప్రత్యేక ఫైళ్ళు. డిస్కు, టేపు, టెర్మినలు వంటి పరికరాలు కూడా ఫైళ్ళ మాదిరిగానే పేర్లతో కనిపిస్తాయి. ఇవి డెవ్ అనే డైరెక్టరీలో ఉంటాయి.

మూడవ అంశం చూడటానికి చిన్నదిగా కనిపించినా దాని ఫలితాలు పెద్దవి. అంతకుముందు వ్యవస్థలలో టేపుపై రాయడానికి ఒక పద్ధతి, డిస్కుపై రాయడానికి మరొక పద్ధతి ఉండేవి. యునిక్స్‌లో ఫైలును చదవగల ఏ ప్రోగ్రామయినా పరికరాన్ని చదవగలదు. కాబట్టి ఒక డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా భావించి, మొదటి బైటు నుండి చివరి బైటు వరకు మరొక డిస్కుపైకి నకలు చేయవచ్చు. అందుకు ప్రత్యేకమైన యంత్రాంగం అవసరం లేదు. ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు అనే అనుమతులు సైతం పరికరాలకు అదే విధంగా వర్తిస్తాయి. నేడు లినక్స్‌లో ఒక డిస్కు ప్రతిబింబాన్ని తీసే డిడి అనే ఆదేశం ఈ సూత్రం మీదే పనిచేస్తుంది.

1970లో వీరి బృందం పిడిపి-11 కొనుగోలుకు సుమారు 65 వేల డాలర్ల ప్రతిపాదన చేసి ఈసారి అనుమతి సంపాదించింది. పత్రాలు తయారుచేసే వ్యవస్థను నిర్మిస్తామన్నది వారు చెప్పిన కారణం. యంత్రం వేసవి చివర వచ్చినా డిస్కు డిసెంబరు దాకా రాలేదు. వచ్చిన ఆ డిస్కు సామర్థ్యం 512 కిలోబైట్లు మాత్రమే. నేటి మొబైలు ఫోనులో తీసిన ఒక్క ఫోటోను దాచాలన్నా అటువంటివి అనేకం కావలసి వస్తాయి. యంత్రపు జ్ఞాపకశక్తి 24 కిలోబైట్లు. ఒక ఫైలు 64 కిలోబైట్లను మించరాదు.

ఈ యంత్రాన్నే బెల్ ల్యాబ్స్ పేటెంటు విభాగంలోని టైపిస్టులు వాడుకున్నారు. పగలు వారు పేటెంటు దరఖాస్తులు టైపు చేస్తూ ఉండగా, అదే యంత్రంపై పరిశోధకులు కొత్త ప్రోగ్రాములను పరీక్షించేవారు. ఒక ప్రోగ్రాము మరొకదాని జ్ఞాపకస్థానంలోకి చొరబడకుండా ఆపే రక్షణ ఆ యంత్రంలో లేదు. పరీక్షలో చిన్న పొరపాటు జరిగినా వ్యవస్థ మొత్తం కూలిపోయే ప్రమాదం ఉండేది. పైగా డిస్కు మరీ చిన్నది కావడంతో, టైపిస్టుల పని కొన్ని గంటలు సాగేసరికి చోటు చాలక సమాచారాన్ని డెక్‌టేపు అనే చిన్న అయస్కాంత టేపు చుట్టలపైకి తరలించవలసి వచ్చేది. యునిక్స్‌లో సమాచారాన్ని వేరొకచోట దాచే అలవాటు ఈ విధంగా అవసరంలోంచి పుట్టింది. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యునిక్స్ మొదటి కరదీపికలోనే టేపుపైకి ఫైళ్ళను దాచి, తిరిగి తెచ్చుకునే ట్యాప్ అనే ఆదేశం ఉంది. ఈ కరదీపిక రచయితలు థాంప్సన్, రిచీ.

తగిలింపు, విభాగాలు

ఒకటికంటే ఎక్కువ డిస్కులు ఉన్నప్పుడు వాటిని వాడుకరి ఎలా గుర్తించాలి? చాలా వ్యవస్థలలో ప్రతి డిస్కుకూ వేరు పేరో, వేరు అక్షరమో ఉండేది. యునిక్స్ వేరొక మార్గం పట్టింది. ఫైళ్ళన్నీ ఒకే చెట్టు. చెట్టు వేరు (రూట్) ఒక డిస్కుపై ఉంటుంది. మరొక డిస్కులోని చెట్టును తెచ్చి మొదటి చెట్టులోని ఒక కొమ్మకు అంటుకట్టినట్లు తగిలిస్తారు. ఈ పనికి మౌంట్ అని పేరు. అవసరం తీరాక దానిని విడదీయవచ్చు. ఆ తరువాత ఆ డిస్కులోని ఫైళ్ళు ఆ చెట్టులో కనిపించవు.

రిచీ, థాంప్సన్ 1974 జూలైలో ఎ.సి.ఎం. సంస్థ పత్రికలో ప్రచురించిన వ్యాసం యునిక్స్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. అందులో తమ ప్రయోగశాల డిస్కుల అమరికను వారు వివరించారు. ఒక మెగాబైటు స్థిర డిస్కుపై వేరు డైరెక్టరీ ఉండేది. 40 మెగాబైట్ల పెద్ద డిస్కుపై వాడుకరుల ఫైళ్ళు ఉండేవి. యంత్రం మొదలైనప్పుడు దానంతటదే ఈ పెద్ద డిస్కు తగిలించబడేది. ఇవికాక ఒక్కొక్కటి 2.5 మెగాబైట్ల నాలుగు డిస్కులు ఉండేవి. వాడుకరులు తమ సొంత డిస్కు పలకలను తెచ్చి వీటిలో పెట్టి తగిలించుకొనేవారు. తగిలించదగిన కొత్త ఫైలు వ్యవస్థను సిద్ధం చేయడానికి రెండు దారులను వారు పేర్కొన్నారు. ఖాళీ వ్యవస్థను సృష్టించే ప్రోగ్రామును నడపడం ఒకటి, ఉన్న వ్యవస్థను యథాతథంగా నకలు చేయడం రెండవది. విద్యార్థులు గమనించవలసినది ఏమంటే, నేడు మనం బాహ్య డిస్కును కంప్యూటరుకు కలిపి, నకలు తీసి, విడదీసి బీరువాలో పెట్టే పద్ధతి ఇక్కడ ఇంచుమించు పూర్తిగా కనిపిస్తుంది.

ఈ అమరికకు ఒక్క మినహాయింపు ఉంది. యునిక్స్‌లో ఒకే ఫైలుకు రెండు పేర్లు పెట్టవచ్చు. కాని రెండు పేర్లూ ఒకే ఫైలు వ్యవస్థలో ఉండాలి. ఐ-నోడ్ సంఖ్యలు ఏ వ్యవస్థకు ఆ వ్యవస్థకే సొంతం కాబట్టి, ఒక డిస్కులోని పేరు మరొక డిస్కులోని ఫైలును ఈ విధంగా సూచించలేదు. సూచించగలిగితే డిస్కును విడదీసినప్పుడు లెక్క తప్పుతుంది. ఈ నియమం ఇప్పటికీ అమలులో ఉంది. మారని ఫైళ్ళకు మరొక పేరు మాత్రమే ఇచ్చి, మారినవాటిని మాత్రమే కొత్తగా రాసే దినవారీ బ్యాకప్ పద్ధతిని వాడేవారు, ఆ నకళ్ళన్నీ ఒకే విభాగంలో ఉండేలా చూసుకోవలసి రావడానికి కారణం ఇదే.

డిస్కులు పెద్దవయ్యే కొద్దీ ఒక డిస్కును ఒకే ఫైలు వ్యవస్థగా వాడటం అనుకూలంగా లేకపోయింది. ఒక పెద్ద పొలానికి గట్లు వేసి మడులు చేసినట్లు, డిస్కును కూడా విభాగాలు చేయవలసి వచ్చింది. 1978లో బెల్ సిస్టం సాంకేతిక పత్రికలో అదే వ్యాసం సవరించి ప్రచురించినపుడు ఈ మార్పు కనిపిస్తుంది. అప్పటికి ప్రయోగశాలలో పిడిపి-11/70 యంత్రం, 200 మెగాబైట్ల డిస్కులు రెండు ఉన్నాయి. వేరు డైరెక్టరీ ఒక డిస్కులోని చిన్న విభాగంలోకి మారింది. వాడుకరుల ఫైళ్ళు రెండవ డిస్కులో ఉండేవి.

1979లో విడుదలైన యునిక్స్ 7వ ఎడిషన్‌లో ఈ విభాగాల కొలతలు డిస్కు మీద కాక, ఆ డిస్కును నడిపే ప్రోగ్రాములోనే రాసి ఉండేవి. విభాగం ఎక్కడ మొదలవుతుంది, దానిలో ఎన్ని బ్లాకులు అనే పట్టిక అది. ఒక డిస్కుకు ఎనిమిది విభాగాల వరకు పేర్లు ఉండేవి. విచిత్రమేమిటంటే ఆ ఎనిమిది ఒకదానినొకటి అతిక్రమించేవి. అవసరాన్నిబట్టి వేర్వేరు అమరికలు ఎంచుకునేందుకు ఇలా ఏర్పాటు చేశారు. ఒకే స్థలాన్ని పంచుకునే రెండు విభాగాలలో తెలియక రెండు ఫైలు వ్యవస్థలు సృష్టిస్తే ఒకటి రెండవదాన్ని చెరిపివేస్తుంది. ఏ విభాగాలను కలిపి వాడవచ్చో తెలుసుకోవడం నిర్వాహకుడి బాధ్యతగా ఉండేది. కొలతలను డిస్కు మీదనే ఒక చీటీగా రాసే పద్ధతి బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి యునిక్స్‌లో 1988 నాటి విడుదలతో వచ్చింది. బర్క్‌లీ సంప్రదాయంలో సి అక్షరం గల విభాగం డిస్కు మొత్తాన్ని సూచించడం ఆ పాత అతిక్రమణకు మిగిలిన ఆనవాలు.

విభాగాలు చేయడం వలన ప్రయోజనాలు స్పష్టం. వాడుకరుల ఫైళ్ళు పెరిగి ఒక విభాగం నిండిపోయినా వ్యవస్థ నడిచే వేరు విభాగానికి ఇబ్బంది రాదు. ఒక విభాగంలోని ఫైలు వ్యవస్థ పాడైతే నష్టం దాని గట్లు దాటదు. బ్యాకప్‌కు సంబంధించినది వీటన్నింటికంటే ముఖ్యం. 7వ ఎడిషన్‌లోని డంప్ అనే ఆదేశం ఒక ఫైలు వ్యవస్థను ఒక ప్రమాణంగా తీసుకుని టేపుకు ఎక్కిస్తుంది. సున్న స్థాయి డంప్ అంటే మొత్తం వ్యవస్థ. ఆపై స్థాయిలలో, అంతకు తక్కువ స్థాయి డంప్ జరిగిన నాటి నుండి మారిన ఫైళ్ళు మాత్రమే టేపుకు వెళతాయి. అందుచేత ఏది ఎంత తరచుగా మారుతుందో ఆలోచించి విభాగాలు చేసుకున్నవారికి రోజువారీ పని తేలికయ్యేది. ఇదే ఎడిషన్‌లో వచ్చిన టార్ అనే ఆదేశం నేటికీ వాడుకలో ఉంది.

అయితే ఒక విషయంలో కొత్తవారు పొరబడుతూ ఉంటారు. ఒకే డిస్కులో ఒక విభాగం చేసి, దానికి బ్యాకప్ అని పేరు పెట్టి, అందులో నకలు ఉంచితే సరిపోతుందని భావిస్తారు. పొరపాటున ఫైలును చెరిపివేసినప్పుడు ఆ నకలు అక్కరకు వస్తుంది. డిస్కే చెడిపోతే అసలు, నకలు రెండూ ఒకేసారి పోతాయి. విత్తనాల గింజలను తిండి గింజలున్న గాదెలోనే అడ్డుగోడ కట్టి దాచిన రైతు, గాదెకు నిప్పంటుకుంటే ఏమి చేయగలడు? పైన చెప్పిన 1974 నాటి అమరికలో విడదీయగల డిస్కు పలకలు, టేపులు ఉండడం ఈ దృష్ట్యా గమనార్హం. నకలు వేరొక పరికరంపై ఉండి, పని కాగానే దానిని విడదీసి ఉంచడం ఉత్తమం.

సి భాష

థాంప్సన్ రాసిన బి అనే భాషకు రిచీ దత్తాంశ రకాలను చేర్చి క్రమంగా కొత్త భాషగా మార్చాడు. 1972 నాటికి అది సి అయింది. 1973లో స్ట్రక్చర్ అనే సంయుక్త దత్తాంశ రకం చేరాక, ఆ వేసవిలో యునిక్స్ కేంద్ర భాగాన్ని సి భాషలో తిరిగి రాశారు. అంతకుముందు సంవత్సరం థాంప్సన్ చేసిన ప్రయత్నం ఈ సౌకర్యం లేకనే విఫలమైంది. నిర్వహణ వ్యవస్థను యంత్ర భాషకు దగ్గరగా ఉండే అసెంబ్లీలో మాత్రమే రాయాలన్న నాటి అభిప్రాయానికి ఇది పెద్ద సవాలు. 1977లో రిచీ, స్టీవ్ జాన్సన్ యునిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 అనే పూర్తిగా వేరైన యంత్రానికి తరలించి, ఒక వ్యవస్థ ఒక యంత్రానికే కట్టుబడి ఉండనక్కరలేదని నిరూపించారు. 1978లో బ్రయన్ కెర్నిఘన్‌తో కలసి రాసిన సి భాషా గ్రంథం అనేక భాషలలోకి అనువదించబడింది. ఈ భాషకు అమెరికా ప్రమాణం 1989లో, అంతర్జాతీయ ప్రమాణం 1990లో ఏర్పడ్డాయి. సి గురించి ఇతర వ్యాసాలలో విస్తారంగా ఉన్నందున ఇక్కడ ఇంతటితో విరమించడమైనది.

అనంతర కృషి

ఒక ప్రోగ్రామును దాని యజమాని అధికారాలతో ఇతరులు నడిపేందుకు వీలు కల్పించే సెట్-యూజర్-ఐడి అనే యుక్తికి 1979లో రిచీ పేరున పేటెంటు లభించింది. తరువాత దానిని సంస్థ ప్రజలకు వదిలివేసింది. 1984లో పరికరాలతో సంభాషించే స్ట్రీమ్స్ పద్ధతిని ప్రచురించాడు. 1990 తరువాత ఆయన నేతృత్వంలోని విభాగం ప్లాన్ 9, ఇన్‌ఫెర్నో అనే వ్యవస్థలను రూపొందించింది. ప్లాన్ 9 ఫైలు సర్వరులో ప్రతి రాత్రీ ఆ రోజు మార్పులు, ఒకసారి రాస్తే చెరపరాని ఆప్టికల్ డిస్కులపైకి చేరేవి. గత తేదీని ఒక డైరెక్టరీ పేరుగా ఇచ్చి ఆనాటి ఫైళ్ళన్నీ ఉన్నవున్నట్లు చూడవచ్చు. దీని నిర్మాణం ప్రధానంగా థాంప్సన్, షాన్ క్విన్లన్‌లది.

రిచీ మితభాషి. మధ్యాహ్నానికి గాని ప్రయోగశాలకు వచ్చేవాడు కాదని, ఇంటివద్ద అర్ధరాత్రి దాటేవరకు పనిచేసేవాడని సహోద్యోగులు తెలిపారు. 2007లో ఉద్యోగ విరమణ చేశాడు.

పాత టేపుల వెలికితీత

యునిక్స్ చరిత్రను భద్రపరచడంలో రిచీ చూపిన శ్రద్ధ ప్రత్యేకంగా చెప్పదగినది. 1970 దశకపు ప్రారంభంలో రాసిన డెక్‌టేపులు బెల్ ల్యాబ్స్ కంప్యూటరు గదిలో, ఎత్తుగా పరచిన నేల పలకల కింద పడి ఉండేవి. వాటిని చదవగల యంత్రాలు కాలక్రమంలో కనుమరుగయ్యాయి. టేపు ఉన్నా చదివే సాధనం లేకపోతే సమాచారం లేనట్లే. పాల్ విక్సీ, కీత్ బోస్టిక్ అనే ఇద్దరు నిపుణులు ఒక పాత డెక్‌టేపు యంత్రాన్ని సంపాదించి, వ్యాక్స్ కంప్యూటరుకు కలిపి, పాత టేపులు చదివిపెడతామని ముందుకు వచ్చారు. ఆ అవకాశాన్ని ఉపయోగించుకుని రిచీ కొన్ని టేపులను బయటకు తీయించాడు. వాటిలో రెండు తొలినాటి సి కంపైలర్లు లభించాయి. ఒకటి పిడిపి-11/20 యంత్రాన్ని వదిలివేసే సమయానిది. రెండవది స్ట్రక్చర్లను కంపైలరులోనే వాడటం మొదలుపెట్టక ముందు స్థితిని తెలుపుతుంది. ఈ రెండింటినీ ఆయన వివరణలతో సహా అందరికీ అందుబాటులో ఉంచాడు. సి భాష దశలవారీగా ఎలా ఎదిగిందో పరిశోధకులకు తెలిసింది ఎక్కువగా వీటివల్లనే.

1973 నాటి యునిక్స్ కేంద్ర భాగపు మూలాన్ని 1999లో యునిక్స్ చరిత్రను పరిరక్షించే ఔత్సాహికుల సంఘానికి అందజేశాడు. 2002లో కాల్డెరా సంస్థ తనకు హక్కులున్న పాత యునిక్స్ ఎడిషన్‌లను స్వేచ్ఛగా వాడుకునే అనుమతి ఇవ్వడంతో ఈ సామగ్రిని బాహాటంగా పంచుకోవడానికి వీలు కలిగింది.

అయినా అన్నీ దక్కలేదు. మొదటి ఎడిషన్ కేంద్ర భాగం టేపులపై లభించలేదు. 1972లో అచ్చు తీసిన కాగితాలపై మాత్రం మిగిలింది. 2008లో స్వచ్ఛంద కార్యకర్తలు ఆ కాగితాలను తిరిగి కంప్యూటరులోకి ఎక్కించి, తప్పులు సరిదిద్ది, రిచీ దాచిన పాత టేపులలోని ప్రోగ్రాములను జతచేసి, పిడిపి-11 అనుకరణ యంత్రంపై నడిపి చూపించారు. పిడిపి-7 నాటి యునిక్స్ సైతం ఇదే విధంగా కాగితాల నుండి 2016లో పునరుద్ధరించబడింది.

పురస్కారాలు

ట్యూరింగ్ పురస్కారం (1983) తరువాత 1988లో అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీ సభ్యత్వం, 1990లో థాంప్సన్‌తో కలిపి ఐ.ఇ.ఇ.ఇ. వారి హామింగ్ పతకం లభించాయి. 1998వ సంవత్సరపు జాతీయ సాంకేతిక పతకాన్ని ఇరువురూ 1999 ఏప్రిల్‌లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా స్వీకరించారు. 2011లో జపాన్ ప్రైజ్ కూడా ఇద్దరికీ కలిపే ప్రకటించబడింది.

మరణం

రిచీ న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా నివసించేవాడు. చివరి సంవత్సరాలలో ప్రొస్టేట్ క్యాన్సరుకు, గుండె జబ్బుకు చికిత్స పొందాడు. 2011 అక్టోబరు 12న తన ఇంటిలో మరణించి ఉండగా కనుగొన్నారు. మరణించిన ఖచ్చితమైన తేదీ తెలియదు. అప్పటికి ఆయన వయస్సు 70 సంవత్సరాలు. ఈ వార్తను సహోద్యోగి రాబ్ పైక్ లోకానికి తెలియజేశాడు. అదే నెల 5వ తేదీన మరణించిన స్టీవ్ జాబ్స్ గురించి పత్రికలన్నీ రాస్తున్న రోజులవి. జాబ్స్ సంస్థ తయారుచేసిన కంప్యూటర్లలో, ఫోన్లలో నడిచే వ్యవస్థ యునిక్స్ వంశానికి చెందినదే. అయినా రిచీ మరణానికి సాధారణ పత్రికలలో లభించిన చోటు స్వల్పం. ఫెడోరా లినక్స్ 16వ విడుదల ఆయన స్మృతికి అంకితమయింది. 294727 సంఖ్య గల గ్రహశకలానికి డెన్నిస్‌రిచీ అని పేరు పెట్టారు.

సిద్ధాంత గ్రంథం లభ్యం

హార్వర్డ్ గ్రంథాలయంలో లేని ఆ సిద్ధాంత గ్రంథం ప్రతి ఒకటి రిచీ మరణానంతరం కుటుంబ సభ్యుల వద్ద బయటపడింది. సోదరి చొరవతో అది కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి చేరింది. 2020 జూన్‌లో మ్యూజియం ఈ విషయాన్ని వెల్లడించి, గ్రంథం పుటలను చిత్రాలుగా అందరికీ అందుబాటులోకి తెచ్చింది. సుమారు 180 పుటల ఈ గ్రంథంలో గణిత సంకేతాలు, పైన కింద రాసే చిన్న అంకెలు విరివిగా ఉన్నాయి. టైపు యంత్రాలే ఉన్న 1968లో దానిని అంత చక్కగా ఎలా తయారుచేశాడన్న ప్రశ్న పరిశోధకులను ఆకర్షించింది. 2022లో డేవిడ్ బ్రెయిల్స్‌ఫర్డ్, బ్రయన్ కెర్నిఘన్, రిచీ సోదరులలో ఒకరు కలసి ఈ అంశంపై ఒక పరిశోధన పత్రం ప్రచురించారు.